మూడు పిలుపులు, ఒకే ఊపిరి

ఏడో తరగతి మధ్యలో బడి మానేస్తా ఉండానని చెప్పేదానికి పోయిన దినం, మా అయ్యవారు తరగతిలో అందరికీ తలా ఒక బెల్లం ముక్క పంచినాడు. ఎందుకు పంచతా ఉండాడో పిల్లోళ్లకు తెలీదు. నాకూ తెలీదు. నేనూ వరసలో నిలబడి ఒక ముక్క తీసుకున్నాను. బాగుందని ఇంకొకటి అడిగినాను. ఆ రెండో ముక్క ఇచ్చేటప్పుడు ఆయన మొహంలో సంతోషం చూసినాక గానీ నాకు విషయం అర్థం కాలేదు.

ఆయన్ను అనేదానికి లేదు. నాలో ఆయనకు పనికొచ్చింది గొంతు ఒక్కటే. పొద్దున ప్రార్థన దగ్గర ప్రతిజ్ఞ చెప్పించేదానికి నన్నే ముందర నిలబెట్టేవాడు. నేను నోరు తెరిస్తే రైలు గేటు కాడ మేస్తా ఉండే గొడ్లు కూడా తలెత్తి చూసేవి. తర్వాత నాకు అన్నం పెట్టింది ఆ గొంతే.

చిత్తూరులో భూముల తగాదాలు తేల్చే ఒక ట్రిబ్యునల్లో నాకు అటెండరు పని దొరికింది. పని పెద్దదేం కాదు. లోపల సారు ఫైలు తెరుస్తాడు, గుమాస్తా నాకు పేరు చెప్తాడు, నేను వాకిలి కాడికొచ్చి ఆ పేరు మూడుసార్లు పిలవాల. మూడో పిలుపుకు కూడా మనిషి రాకపోతే ఫైలులో 'గైర్హాజరు' అని పడతాది. అట్లా రెండు మూడు పడితే కేసు కొట్టేస్తారు. కొట్టేసినాక మళ్లీ తెరవమని అర్జీ పెట్టుకోవాల, మళ్లీ వకీలు, మళ్లీ నెలలు.

మూడుసార్లు పిలవమన్నారు గానీ, పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎంతసేపు ఆగాలో నాకెవరూ చెప్పలేదు. నేను చేరిన కొత్తలో ఉన్న సారుకు మధ్యాహ్నం ఇంటికి పోయి తినే అలవాటు. పన్నెండున్నర దాటితే ఆయన కడుపులో శబ్దాలు నాకు వాకిలి దాకా వినబడేవి. ఆయన కోసమని నేను మూడు పిలుపులూ ఒకే ఊపిరిలో ముగించేది మొదలుపెట్టినాను. పేరు, తండ్రి పేరు, ఊరు, మూడుసార్లు, మధ్యలో ఊపిరి తీసుకోకుండా. కడాన "రానోళ్లకు ఒక దండం" అని నా సొంత మాట ఒకటి చేర్చేవాణ్ని. వకీళ్లు వాచీలు చూసుకొని నవ్వేవాళ్లు. ఒకాయన నన్ను "మెయిలు బండి" అనేవాడు. మెయిలు బండి చిన్న స్టేషన్లలో నిలబడదని అప్పుడు నాకు తోచలేదు.

వాకిలి పక్కన ఒక స్టూలు ఉండేది. పన్నెండేండ్లు ఆ స్టూలు మీద కూర్చున్నాను. దానికి ఒక కాలు పొట్టి. ఆ పొట్టి కాలు యాడ పెడితే ఊగదో నాకొక్కనికే తెలుసు. ఆఫీసులో సారోళ్లు మారినారు, గుమాస్తాలు మారినారు, స్టూలు మారలేదు, నేనూ మారలేదు. ఆ వాకిలి నాది అనుకున్నాను.

వరండా అంతా పాత అలమారాలతో నిండిపోయింది గాబట్టి కేసులోళ్లు ఎదురుగా వేపమాను కింద కూర్చునేవాళ్లు. వాళ్లలో కార్వేటినగరం పక్క పల్లె నుంచి వచ్చే అవ్వ ఒకామె ఉండేది. ఎకరన్నర మెట్ట భూమి కేసు. మొదటి బస్సుకే వచ్చి, కాగితాల గుడ్డసంచి ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. నేను ఆమె పేరు పిలిస్తే లేచేది. ఆమె వాకిలి కాడికొచ్చేసరికి లోపల తర్వాతి కేసు నడస్తా ఉండేది.

"అవ్వా, నీ రైలు పాకాల దాటేసింది," అనేవాణ్ని.

చుట్టూ ఉన్నోళ్లు నవ్వేవాళ్లు. అవ్వ కూడా నవ్వేది. నవ్వి, వకీలును వెతుక్కుంటా పోయేది, ఇంకో అర్జీ పెట్టుకునేదానికి. ఆమె నవ్విందని గుర్తు పెట్టుకున్నాను. అర్జీ సంగతి గుర్తు పెట్టుకోలేదు.

ఇట్లా నడస్తా ఉంటే మా ఆఫీసుకు నా బామ్మర్ది వచ్చినాడు. నా ఇంటామె తమ్ముడు. పదో తరగతి పాసై ఇంటికాడ ఊరికే ఉంటే, నేనే గుమాస్తాను పట్టుకొని, సారును బతిమాలి, రెండో అటెండరుగా చేర్పించినాను. ఫైలు కట్టేది, సీలు వేసేది, సారు మొహం చూసి టీ ఎప్పుడు తేవాలో తెలుసుకునేది, అన్నీ నేర్పించినాను. నాకు జ్వరమొస్తే పిలుపు పని కూడా వాడే చూసేవాడు. నా మాదిరే ఒకే ఊపిరిలో పిలవాలని చూసి రెండో పిలుపుకే దగ్గేవాడు. నేను ఇంట్లో దుప్పటి కప్పుకొని ఆ సంగతి విని సంతోషపడేవాణ్ని.

అప్పుడొచ్చింది ఆ కాగితం. ట్రిబ్యునళ్లలో పనిచేసేవాళ్లకు తిరుపతిలో ఐదు దినాలు శిక్షణ. గుమాస్తాలకు, నోటీసులు ఇచ్చేవాళ్లకు, వాకిలి కాడ పిలిచేవాళ్లకు. పిలుపు పనికి ఒక్కో ఆఫీసు నుంచి ఒక్కరు. శిక్షణ పూర్తి చేసినవాళ్లకే ఇకమీద ఆ పని అప్పజెప్పాలని రాసి ఉండాది. గుమాస్తా చదువుతా ఉంటే నేను చొక్కా సర్దుకున్నాను. కింద ఇంకొక వాక్యం ఉండాదని ఆయన అద్దాలు పైకి జరుపుకున్నాడు.

"పదో తరగతి పాసై ఉండాలంటప్పా."

ఆఫీసులో ఎవరూ నా వైపు చూడలేదు. బామ్మర్ది మాత్రం చూసినాడు, పాపం, తప్పు చేసినోని మాదిరి. వాడు గర్వంగా చూసుంటే నాకు సుఖంగా ఉండేది.

ఇంట్లో మా ఇంటామె ఆ రెండు దినాలు వాణ్ని పెండ్లికొడుకును చేసినట్టు చేసింది. చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, మురుకులు. మా పెండ్లికి కుట్టించిన నా తెల్లచొక్కా నాకు పొట్ట దగ్గర పట్టడం లేదని తీసి, ఇస్త్రీ చేయించి వానికిచ్చింది.

"మే, వాడు ఐదు దినాలకు పోతా ఉండాడా, ఐదేండ్లకా?"

"ట్రైనింగుకయ్యా. మా ఇంట్లో ట్రైనింగుకు పోయినోళ్లు ఇంతవరకూ యాడుండారు?"

"నేను పోలేదా, డ్రైవింగు ట్రైనింగుకు?"

"పోయినావు. మా నాయన కల్లం గోడ ఇంకా అట్నే పడిపోయి ఉండాది."

బస్టాండుకు పోయి నేనే వాణ్ని తిరుపతి బస్సెక్కించినాను. నా చొక్కా వానికి నాకంటే బాగుండాది. ఎక్కేముందు వంగి నా కాళ్లకు దండం పెట్టినాడు. అది కూడా నాకు గిట్టలేదు.

రెండో దినం సాయంత్రం వాడు మా వీధి కొసన ఎస్టీడీ బూతుకు ఫోను చేసినాడు. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుంటా ఉంటే నేను గాజుతలుపు బయట నిలబడినాను. ఇంటికొచ్చేదాకా ఆమె అదే చెప్తా వచ్చింది. పాఠం చెప్పేది రిటైరైన ఒక మేడమంట, పెద్ద ట్రిబ్యునల్లో పనిచేసిందంట, వీణ్ని పేరు పెట్టి పిలుస్తాదంట. అందరికీ ఒక పుస్తకం, పెన్ను, జేబుకు తగిలించుకునే బిళ్ల ఇచ్చినారంట. మధ్యాహ్నం భోజనంలో వడ, అప్పళం, కడాన ఐస్‌క్రీం.

పుస్తకం ఓర్చుకున్నాను. బిళ్ల ఓర్చుకున్నాను. ఐస్‌క్రీం దగ్గర నాకు ఓర్పు నిలబడలేదు. పన్నెండేండ్లు గొంతు చించుకున్నది నేను, చల్లగా గొంతులో దిగేది వానికా?

మూడో దినం పొద్దున చెయ్యి నొప్పి మొదలుపెట్టుకున్నాను. ఫైళ్ల కట్టలు ఎత్తి మణికట్టు బెణికిందని చెప్పినాను. ఆమె పట్టుకొని చూసింది. "పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోని రా, లేటు చేస్తే వంకరపోతాది," అనింది. నేను అడగాలనుకున్న మాట ఆమె నోటనే వచ్చేసరికి నా మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. సెలవు పెట్టి, పుత్తూరు బస్సు పక్కనే నిలబడి ఉన్న తిరుపతి బస్సెక్కినాను.

దారిలో ఆలోచన వచ్చింది. కట్టు లేకుండా ఇంటికి యాడ పోయేది? తిరుపతిలో దిగి మందులంగట్లో గుడ్డపట్టీ ఒకటి కొన్నాను. పండ్లమ్మే ఆమెనడిగి పాత గంపలో నుంచి రెండు వెదురుబద్దలు ఇరుచుకున్నాను. బస్టాండు బెంచీ మీద కూర్చొని ఎడమచేత్తో కుడిచేతికి చుట్టుకున్నాను. చూసేదానికి చెయ్యి విరిగినట్టు లేదు, చెయ్యికి పొట్లం కట్టినట్టు ఉండాది. అయినా సరేనని అడ్రసు విచారించుకుంటా పోయినాను.

పాత ప్రభుత్వ బంగళా. ఆవరణలో కానగమాను ఒకటి. వరండాలో నిలబడి కిటికీలో నుంచి తొంగి చూసినాను. ముప్పైమంది ఉంటారు. ముందు వరసలో నా చొక్కా. నల్లబల్ల కాడ సన్నగా, నెరసిన జడతో మేడం.

"మీ మీ ఆఫీసుల్లో ఎట్లా పిలుస్తారో ఒకరు చేసి చూపించండి," అనింది మేడం.

బామ్మర్ది లేచి నిలబడినాడు. "మా ఆఫీసులో మా బావ పిలుస్తాడు మేడం. ఆయన మాదిరి పిలిచేవాళ్లు జిల్లాలో లేరు. నాకు రాదుగానీ, ఆయన పద్ధతి చేసి చూపిస్తాను."

కిటికీ బయట నా రొమ్ము ఇంత పొంగింది. మరుక్షణం కడుపు మండింది. పద్ధతి నాది, చప్పట్లు వానికి.

"పిలిస్తే రావడానికి ఒక కక్షిదారు కావాలి కదా," అంటా మేడం వరండాలోకి వచ్చింది. ఆడ నేను. దొరికిపోయినాననుకున్నాను. ఆమె నా చెయ్యి చూసింది.

"ఏమప్పా, ఏదైనా పని మీద వచ్చినారా?"

"ఊరికే, నీడకని వచ్చినా మేడం."

"మాకు ఒక సాయం చెయ్యండి. ఈ చీటీలో ఒక పేరుంది. కాసేపు ఆ పేరు మీది. ఆ చెట్టు కింద కూర్చోండి. పిలిస్తే లోపలికి రండి. అంతే."

"భోజనం ఉండాదా మేడం?"

ఆమె నవ్వింది. "ఉంటుంది రండి."

చీటీ తీసుకొని కానగమాను కిందికి పోయినాను. చెప్పులు విడిచి పక్కన పెట్టి, కాళ్లు చాపుకొని కూర్చున్నాను. ఎండ, పక్కన వంటోళ్లు గుండిగలు తోముకునే చప్పుడు. చాలాసేపు నన్నెవరూ పిలవలేదు. ముందర వేరే పేర్లు పిలుస్తా ఉండారు. ఎంతసేపని వాకిలి వైపే చూసేది? ఐస్‌క్రీం ఏ రంగుదో ఆలోచించుకుంటా ఉండాను.

తలుపు తెరుచుకునింది. పిలుపు వచ్చింది.

మొదటి పిలుపుకు నా పద్ధతి గుర్తుపట్టినాను. అచ్చం నాదే, అదే విసురు. దొంగనాయాలు బాగా పట్టేసినాడే అనుకున్నాను. రెండో పిలుపుకు, పిలస్తా ఉండేది చీటీలోని పేరును గదా, అది నేనే గదా అని గుర్తొచ్చింది. మూడో పిలుపుకు లేచేదానికని చెయ్యి నేలకు ఆన్చినాను. అది కట్టు కట్టిన చెయ్యి. బద్ద గుచ్చుకునింది. ఎడమచెయ్యి మార్చి లేచి, ఒక చెప్పులో కాలు పెట్టి, రెండో చెప్పు వెతుక్కుంటా ఉంటే, "రానోళ్లకు ఒక దండం" అని వినబడింది. తలుపు మూసుకునింది.

నేను పోయి తలుపు తోసినాను.

"ఎవరప్పా?" అనింది మేడం.

"పిలిచినారు గదా మేడం."

"పిలిచినాము. మీరు రాలేదు. గైర్హాజరని రాసేసినాము."

"ఈడనే ఉండాను గదా మేడం, ఆ మాను కింద!"

నా నోట్లో నుంచి ఆ మాట వచ్చినాక అది యాడో విన్న మాట అనిపించింది. పన్నెండేండ్లుగా విన్న మాట.

"బావా!" అని అరిచినాడు నా బామ్మర్ది.

అంతే, గది గదంతా ఒక్కసారి తిరిగి చూసింది. ఆ బావ ఈ బావేనని తెలిసేదానికి వాళ్లకు రెండు క్షణాలు పట్టింది. తర్వాత ఆ నవ్వు చూడాల. బెంచీలు కొట్టి నవ్వినారు. నేను ఇంతమందిని ఎప్పుడూ నవ్వించలేదు, అదీ ఒక్క జోకు కూడా వెయ్యకుండా.

మేడం మాత్రం నవ్వలేదు. "లేచి ఇక్కడికి రావడానికి మీకు ఎంతసేపు పట్టిందప్పా?" అని మర్యాదగా అడిగింది.

"మనిషి లేచి నడిచినంతసేపు మేడం."

ఆమె వాళ్ల వైపు తిరిగింది. "పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎంతసేపు ఆగాలని నిన్న మీరంతా అడిగినారు. ఆయన చెప్పింది రాసుకోండి."

ముప్పైమంది తలలు వంచి రాసుకున్నారు. బడి అనే దాంట్లో నేను చెప్పింది ఒకరు రాసుకోవడం అదే మొదలు, అదే కడ. నా బామ్మర్ది కూడా రాసుకున్నాడు. వాని చేతిరాత ముత్యాల్లాగా ఉండాది. ఆ మాట నాదే అయినా వాని పుస్తకంలో ఉంటే వానిదే అనిపిస్తాది.

"చేతికేమైంది?" అని వెనక బెంచీ నుంచి ఒకాయన అడిగినాడు.

"పుత్తూరు కట్టన్నా."

"మాది పుత్తూరేనన్నా. మా ఊరి కట్టు ఇట్లుండదే?"

నేను నోరు తెరిచేలోగా బామ్మర్ది అందుకున్నాడు. "మా బావ ఎముకలు వేరే రకమన్నా."

భోజనం పెట్టినారు. వడ మెత్తబడి ఉండాది. ఐస్‌క్రీం మాత్రం బాగుండింది, అది చెప్పకపోతే అన్యాయం. నేను బయల్దేరుతా ఉంటే బామ్మర్ది గేటు దాకా పరిగెత్తుకొచ్చినాడు.

"బావా, అక్కకు చెప్పనులే."

"ఏం చెప్పవు?"

"నువ్వొచ్చింది."

"చెప్పుకోపో. నాకేం భయమా?"

"లేదులే. చెప్పను."

వాడు నిజంగానే చెప్పలేదు, ఈ దినం వరకూ. మంచితనంలో కూడా నన్ను దాటిపోయినాడని ఇంకొంచెం కుళ్లుకున్నాను. చెప్పే అవసరం కూడా రాలేదనుకో. సాయంత్రం గడప దాటినానో లేదో మా ఇంటామె నా చెయ్యి ముక్కు కాడికి తీసుకునింది.

"పుత్తూరు కట్టంటే కోడిగుడ్డు వాసన, పసరు వాసన రావల్ల. ఇదేందయ్యా, మందులంగడి వాసన వస్తాది?"

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయినాను.

"ఐస్‌క్రీం బాగుండిందా?" అని అడిగి, కట్టు విప్పి, బద్దలు పొయ్యిలో వేసింది.

ఐదు దినాలూ అయినాక వాడు సర్టిఫికెట్టుతో వచ్చినాడు. సారు, ఈయన కొత్తగా వచ్చిన కుర్రాయన, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకమీద పిలుపు నువ్వు చూసుకో," అని వానితో అన్నాడు. నాతో, "నువ్వు రికార్డు రూములో ఉండప్పా. నీకూ వయసవుతోంది గదా, కూర్చున్న పని," అన్నాడు. నాకప్పుడు నలభై రెండు. వాడు స్టూలును నాకే ఇస్తానన్నాడు. వద్దన్నాను. పొట్టి కాలు యాడ పెట్టాలో మాత్రం చెప్పలేదు. వాడు నెలరోజులు ఊగినాడు. అదొక్కటే నాకు ఆసరా.

రికార్డు రూము కిటికీలో నుంచి వేపమాను కనిపిస్తాది. వాడు పిలిచేది చూస్తా కూర్చునేవాణ్ని. మెట్టు మీద నిలబడి ఒకసారి పిలుస్తాడు. ఆగుతాడు. రెండు మెట్లు దిగి, మాను కింద ఎవరు కదలతా ఉండారో చూసి, రెండోసారి పిలుస్తాడు. మూడోదానికి మాను కాడికే పోయి, మామూలు గొంతుతో, పక్కింటోళ్లను అడిగినట్టు అడుగుతాడు. చాలాసార్లు మూడోదానికి పనే పడేది కాదు. మొదటి వారం వకీళ్లు విసుక్కున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో వారానికి వాళ్లూ అలవాటుపడినారు. మూడో వారానికి కేసులోళ్లు వానికి టీ చెప్పేది మొదలుపెట్టినారు. పన్నెండేండ్లలో నాకు నవ్వులు వచ్చినాయి గానీ, టీ ఒక్కటీ రాలేదు.

రికార్డు రూములో ఒక అలమారా ఉండాది. కొట్టేసిన కేసులు మళ్లీ తెరవమని పెట్టుకున్న అర్జీలు అందులో. ఊరికే ఉండలేక ఒక కట్ట విప్పినాను. నాకు చదివేది నిదానం. కానీ ఆ అర్జీలు చదివేదానికి చదువు అక్కర్లేదు, అన్నింట్లో ఒకటే వాక్యం: 'పిలిచినప్పుడు నేను ఆవరణలోనే ఉన్నాను.' నాలుగు కట్టలు విప్పినాను. అవ్వ వేలిముద్రలు మూడు అర్జీల మీద కనిపించినాయి. కట్టలన్నీ మళ్లీ కట్టి, ఆ అలమారాకు వీపు తిప్పి కూర్చున్నాను.

దానితో నాకు బుద్ధొచ్చిందని ఎవరైనా అనుకుంటే, ఆ అనుకున్నోళ్లు మంచోళ్లు. నాకు వచ్చింది వేరే ఆలోచన. వాని గొంతు పోతే వాకిలి నాది గదా. ఆ మరుసటి దినం నుంచి రోజూ మధ్యాహ్నం వానికి చల్లని రంగుసోడా తెచ్చి ఇచ్చేది మొదలుపెట్టినాను. ఐసు పెట్టెలో అడుగున ఉన్నది ఏరించి మరీ తెచ్చేవాణ్ని.

"ఎందుకు బావా నీకు శ్రమ?"

"తాగురా అబ్బోడా. ఎండలో అరిచే గొంతు."

వాడు కండ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసినాడు. మా ఇంటామె కూడా మెచ్చుకునింది. "ఇప్పుడు నువ్వు మనిషివైనావు," అనింది. వారం పది దినాలు వానికేం కాలేదు. తోడుగా తాగతా ఉండేదానికి నాకే దగ్గు పట్టింది. ఇంక లాభం లేదని వదిలేద్దామనుకుంటా ఉంటే, ఒక సోమవారం పొద్దున వాడు ఆఫీసుకు వచ్చి నోరు తెరిచినాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

సారు నన్ను పిలిపించినాడు. "ఈ పొద్దుకు నువ్వు చూసుకో."

బామ్మర్ది ఒక కాగితం ముక్క మీద రాసి నా చేతిలో పెట్టినాడు. నిదానంగా చదివినాను. 'బావా, మధ్యలో ఊపిరి తీసుకో.' చింపి జేబులో వేసుకున్నాను. నాకు చెప్పొచ్చినాడు, నిన్న గాక మొన్న దగ్గినోడు.

స్టూలును నేను వాడిన చోటికి జరుపుకున్నాను. పొట్టి కాలు దాని గుంతలో అది కూర్చునింది. ఒకటో కేసు, రెండో కేసు, నా పద్ధతిలోనే ఎత్తుకున్నాను. ఊపిరి కొంచెం తగ్గినా దమ్ము తగ్గలేదు. ఆ రెండు కేసులోళ్లూ వాకిలి పక్కనే నిలబడి ఉండారు గాబట్టి సరిపోయింది. వకీళ్లు నవ్వినారు. "మెయిలు బండి వచ్చేసింది," అన్నాడు పాతాయన. నాకు మూడు నెలల ఆకలి తీరినట్టయింది.

మూడో పేరు గుమాస్తా చెప్పినాడు. అవ్వది.

గుండెనిండా గాలి పీల్చి మొదటి పిలుపు పిలిచినాను. మాను కింద అవ్వ కదిలింది. గుడ్డసంచి చంకన పెట్టుకునింది. చెయ్యి నేలకు ఆన్చింది. ఆన్చి, లేవలేక, ఆ చెయ్యి తీసి రెండో చెయ్యి ఆన్చింది.

నాకు మణికట్టులో వెదురుబద్ద గుచ్చుకున్నట్టయింది.

రెండో పిలుపు నాలుక చివర దాకా వచ్చి ఉండాది. నోరు తెరుచుకునే ఉండాది. పిలవలేదు. లోపలి నుంచి సారు, "ఏమప్పా, రెండో పిలుపేది?" అన్నాడు.

"వస్తా ఉండాది సార్," అన్నాను.

అవ్వ లేచింది. చెప్పులు వెతుక్కునింది. ఎండలో ఆ నలభై అడుగులూ ఒక్కొక్కటే వేసింది. వకీళ్లు వాచీలు చూసుకున్నారు, ఈసారి నవ్వకుండా. రికార్డు రూము కిటికీలో నుంచి నా బామ్మర్ది చూస్తా ఉండాడు, ఆ చూపు నా వీపుకు తగలతా ఉండాది. నేను నడుం మీద చేతులు పెట్టుకొని, ఇది నేనెప్పుడూ చేసే పనే అన్నట్టు నిలబడినాను.

అవ్వ మెట్టెక్కి నా పక్కకొచ్చింది. ఆమె కేసు ఆ దినం లోపల వినబడింది. అరగంట తర్వాత కాగితాలు సంచిలో పెట్టుకుంటా బయటికొచ్చింది. ఊరికే ఉండలేను గదా, గెలికినాను.

"సూసినావా అవ్వా! ఈ పొద్దు ఒక్క పిలుపుకే వచ్చేసినావు. అదీ నా గొంతంటే!"

అవ్వ మెట్టు మీద ఆగి, స్టూలును చూసింది, నన్ను చూసింది.

"గొంతు నీకు మొదటినుంచీ ఉండేదే గదా నాయనా," అనింది. "ఆగేది మాత్రం నీ బామ్మర్ది కాడ నేర్చుకున్నట్టుండావే."